గట్టు మీంచి రోడ్డెక్కే చోట

కోనసీమ ప్రత్యేక జిల్లా అయిన మరుసటి ఏడాది, వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచిన నెలలో నాకు ఆఖరి బదిలీ వచ్చింది. అక్కడి ఒక బస్సు డిపోలో సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టరుగా చేరాను. డిపో పేరు, ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఇందులోని మనుషులంతా నాకు ఫోన్లు చేస్తారు, అందరి దగ్గరా నా నంబరు ఉంది.

ఈ ఇన్‌స్ట్రక్టరు అనేవాడు ఏం చేస్తాడో బయటివారికి అంతగా తెలియదు. డిపో మేనేజరు కింద ట్రాఫిక్ చూసే అధికారి ఒకరు, గ్యారేజీ చూసే అధికారి ఒకరు ఉంటారు. వాళ్లకు కింద, డ్రైవర్లకు పైన మేముంటాం. ఏళ్ల తరబడి ప్రమాదం లేకుండా బస్సు నడిపిన డ్రైవర్లనే ఈ పనికి ఎంచుకుంటారు. కొత్తవారికి శిక్షణ ఇవ్వడం, ప్రమాదం జరిగితే చోటు చూసి, కొలతలు తీసి, కారణం తేల్చడం, తప్పు చేసిన డ్రైవరు పక్కన కూర్చుని మళ్లీ నడిపించడం మా పని. డ్రైవర్లు మమ్మల్ని అధికారుల మనుషులనీ, అధికారులు డ్రైవర్ల మనుషులనీ అనుకుంటారు. టీ మాత్రం ఇద్దరూ ఇప్పిస్తారు.

నేను చేరేసరికి ఆ ఊళ్లో ఒక కొత్త ముచ్చట నడుస్తోంది. పట్టణాన్ని ఆనుకుని పోయే కాలువ గట్టు మీద చక్కటి సైకిల్ బాట వేశారు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క కొబ్బరితోటలు, మోటారు బండ్లు రాకుండా మొదట్లో రాతి స్తంభాలు. పక్క పల్లెల నుంచి హైస్కూలుకు వచ్చే ఆడపిల్లలు, రొయ్యల ప్లాంటు పనికి వెళ్లే ఆడవాళ్లు, బొజ్జ తగ్గించుకోవాలనుకునే వ్యాపారస్తులు అందరూ దాని మీదే. చిక్కల్లా అది ఊళ్లోకి వచ్చి రోడ్డెక్కే చోట ఉంది. అక్కడ కాలువ మీద వంతెన ఉంది. వంతెన ఎత్తు పెంచినప్పుడు రోడ్డూ పెరిగింది, గట్టు కిందనే ఉండిపోయింది. అందుకని సైకిళ్లు నిటారు ఎక్కుడు ఎక్కి, వంతెన పిట్టగోడ చాటు నుంచి ఒక్కసారిగా రోడ్డు మీదకు వస్తాయి. వంతెన దిగే బస్సు సరిగ్గా ఆ అంచునే పోవాలి.

నేను చేరిన రెండో వారంలో మా ఓడలరేవు బస్సు అక్కడ ఒక అమ్మాయి సైకిలు హ్యాండిల్‌ను రాసుకుంటూ పోయింది. పేరు కీర్తన, తొమ్మిదో తరగతి. అదృష్టవశాత్తు ఆ పిల్ల గడ్డిలో పడింది, మోచేయి మాత్రం గీరుకుంది. సైకిలుకు తగిలించిన టిఫిన్ క్యారేజీ వెనక చక్రం కింద పడి అప్పచ్చిలా అయిపోయింది. బస్సు నడిపినవాడు సత్తిబాబు. డిపోలో అందరికన్నా సీనియరు, ఆరడుగుల మనిషి, చేతివేళ్ల మందాన మీసం. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఒక్క ప్రమాదం లేదు, అందుకు ఇచ్చిన బ్యాడ్జీని రోజూ చొక్కాకు పెట్టుకునేవాడు. ఆ రోజు దాన్ని తీసి జేబులో వేసుకుని నా ముందు నిలబడ్డాడు.

“గాల్లోంచి ఊడిపడిందండి. ఆయ్, ప్రమాణపూర్తిగా చెబుతున్నానండి. ముందు లేదు, తర్వాత ఉంది. అంతేనండి” అన్నాడు.

నేను వెళ్లి కొలతలు తీశాను. బస్సు నెమ్మదిగానే ఉంది, ఎడమ అంచున ఉంది, నిబంధన ఏదీ తప్పలేదు. అమ్మాయీ తప్పు చేసినట్టు తోచలేదు. ఇద్దరూ సరిగ్గానే ఉండి ప్రమాదం జరిగితే నివేదికలో ఏం రాయాలో మా శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

ఇంతలో బాట వేసిన శాఖలోని పైవారు తమ పరిష్కారం తాము ఆలోచించారు. బాటకు ఊరి వైపున ఇనుప గేటు పెట్టి తాళం వేస్తామన్నారు. వేస్తే సైకిళ్లు రోడ్డెక్కే చిక్కు ఉండదన్న మాట నిజమే. కాని ఆ పిల్లలంతా ఇంటి దగ్గర నుంచి బడి దాకా మెయిన్ రోడ్డు మీదే, మా బస్సుల మధ్య, ఇసుక లారీల మధ్య రావాలి. మా డిపో మేనేజరు గారు కొత్తగా వచ్చిన చిన్న వయసు అధికారిణి. నన్ను పిలిచి, గేటు పెట్టేలోగా ఏదైనా చేయగలిగితే చేయమన్నారు. ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. మంచి అధికారుల పద్ధతి అది.

నేను నాకు తెలిసిన పనే చేశాను. గేట్ మీటింగ్ పెట్టాను. పొద్దున్న డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్లందరినీ డిపో గేటు దగ్గర నిలబెట్టి మాట్లాడటాన్ని అలా అంటాం. వంతెన దగ్గర చూసుకుని నడపండి, సైకిళ్లను గమనించండి అన్నాను. అందరూ ఆయ్ అన్నారు. కోనసీమలో ఆయ్ అంటే విన్నామని అర్థం. చేస్తామని అర్థం కాదని నాకు రెండు రోజుల్లో తెలిసింది.

మూడో రోజు రూతు టీచరుగారు డిపోకు వచ్చారు. హైస్కూల్లో లెక్కలు చెబుతారు. తానూ సైకిలు మీదే, పిల్లల జట్టుకు ముందుండి గట్టు మీంచి వస్తారు. నిలువెత్తు మనిషి కాదు గాని, ఆవిడ గేట్లోకి రాగానే గేటు దగ్గర సిగరెట్లు అన్నీ ఆరిపోయాయి. ఆ డ్రైవర్లలో సగం మంది పిల్లలకు ఆవిడే లెక్కలు చెబుతున్నారు మరి.

“మా పిల్లలు గాల్లోంచి ఊడిపడుతున్నారని అంటున్నారంట. ఎవరండీ అన్నది?” అని అడిగారు.

సత్తిబాబు దాక్కోలేదు. “నేనేనండి. ఊడిపడ్డమేనండి అది. పిట్టగోడ పక్కన గమ్మున ఆగి చూసుకుని రావచ్చు కదండి?”

“మీరు గమ్మున బ్రేకు వేసుకుని రావచ్చు కదండీ, బాబాయి గారూ?”

“వెనకాల యాభై మంది జనం నిలబడి ఉంటారండి. మా సీట్లో కూర్చుంటే తెలుస్తుందండి తవరికి.”

“మా సీట్లో కూర్చుంటే మీకూ తెలుస్తుందండి.”

చుట్టూ నిలబడ్డవాళ్లు పెద్దగా నవ్వారు. సత్తిబాబును సైకిలు సీటు మీద ఊహించుకుంటే నవ్వు ఆగేది కాదు. నేను మాత్రం నవ్వలేదు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఎవరూ ఇవ్వని సలహా ఇద్దరూ చెరి సగం ఇచ్చారు. మేనేజరు గారి గదిలోకి వెళ్లి, రెండో శనివారం బడికి సెలవు కాబట్టి ఆ రోజు డ్యూటీ లేని డ్రైవర్లను నాకు వదలమనీ, ఒక ఖాళీ బస్సు ఇమ్మనీ అడిగాను. విషయం చెప్పగానే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తరువాత, “నేనూ వచ్చి చూడొచ్చా?” అన్నారు.

ఆ శనివారం పొద్దున్న గట్టు మీద జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒంటరిగా నవ్వుకుంటాను. ఖాకీ చొక్కాల డ్రైవర్లు ఒక వరుస, ముందు బుట్టలున్న ఆడపిల్లల సైకిళ్లు ఒక వరుస. అందరూ చిన్నప్పుడు తొక్కినవారే గాని పెళ్లయ్యాక మోటారు సైకిలు తప్ప ఎక్కలేదు. కొత్తపేట సర్వీసు డ్రైవరు ఒకాయన అలవాటు కొద్దీ ఎడమ కాలితో క్లచ్ వెతికి పక్కకు ఒరిగిపోయాడు. సత్తిబాబుకు కీర్తన సైకిలే వచ్చింది. మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతున్నాయి, గులాబి రంగు గంట ఒకటి దానికి. సీటు ఎత్తు పెంచుతానని ఆ పిల్ల అంటే, “వద్దమ్మా, నీ లెక్కన ఎంతుందో అంతే ఉండనీ” అన్నాడు.

మొదట నాలుగు అడుగులు పాము నడక. తరువాత చక్రం పట్టు దొరికింది. కాలువ గాలి తగిలింది. అంతే, ఆ మనుషులు నా చేతుల్లోంచి జారిపోయారు. నేను కూడా ఒక సైకిలు మీద ఉన్నాను, వరుసగా రండి, వరుసగా రండి అని అరుస్తున్నాను, వినేవాడు లేడు. ఇద్దరు పందెం వేసుకున్నారు. ఒకాయన చేతులు వదిలేశాడు. ఇంకొకాయన చేతులు వదలబోయి నేరుగా కాలువలో దిగబడ్డాడు. నడుం లోతు నీళ్లు, మీద గుర్రపుడెక్క. ఆకుల మధ్య నిలబడి సైకిలు పైకెత్తి, “బండికి ఏం కాలేదండి!” అని అరిచాడు. డిపోలో బస్సుకు ఏమైనా అయితే ముందు అడిగేది అదే కాబట్టి ఆ మాట దానంతట అదే వచ్చేసింది. పిల్లలు గట్టు మీద కూలబడి పొట్టలు పట్టుకున్నారు. నవ్వకూడదని బిగబట్టుకున్న రూతు టీచరుగారు వెనక్కి తిరిగి కొబ్బరిచెట్టు వైపు చూస్తూ నిలబడ్డారు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. నాకూ యాభై ఏడేళ్లన్న సంగతి గుర్తు లేదు. గంట కొట్టుకుంటూ పోయాను, ఎదర ఎవరూ లేకపోయినా.

అలా నవ్వుతూ ఎక్కుడు దగ్గరకు వచ్చాం. అక్కడ నవ్వు ఆగింది.

కింద నుంచి చూస్తే ఆ ఎక్కుడు గోడలా కనిపిస్తుంది. మెల్లగా తొక్కితే సగంలో ఆగిపోయి వెనక్కి జారుతుంది. సీటు మీంచి లేచి, ఊపిరి బిగబట్టి, ఒళ్లంతా బరువు వేసి తొక్కితేనే పైకి వస్తుంది. వచ్చేసరికి ఆ ఊపులో నేరుగా రోడ్డు మీదే ఉంటాం. ఆగడానికి చదునైన చోటు జానెడు లేదు. రోడ్డు మీద నేను ఒక కండక్టరును ఎర్రజెండాతో నిలబెట్టాను గనక సరిపోయింది. సత్తిబాబు సీటు మీంచి లేచి తొక్కి పైకి వచ్చేసరికి, జెండా చూసి ఆగిన బస్సు రెండు గజాల దూరంలో భోంయ్‌మని హారన్ కొట్టింది. సత్తిబాబు సైకిలు వదిలేసి పిట్టగోడను కావలించుకున్నాడు.

“ఎవడ్రా ఆ డ్రైవరు! మనిషి కనబడ్డం లేదంట్రా నీకు! కళ్లు నెత్తి మీద పెట్టుకున్నావా!” అని గోడను పట్టుకునే అరిచాడు.

బస్సు కిటికీలోంచి తల బయటికి వచ్చింది. “నేనేనండి బాబాయ్ గారూ, నూకరాజునండి. అల్లవరం ట్రిప్పండి. తవరు గాల్లోంచి ఊడిపడ్డారండి” అన్నాడు.

ఆ నవ్వు వంతెన అవతల దాకా వినబడి ఉంటుంది. బస్సులో జనం కూడా కిటికీలకు వేలాడి నవ్వారు. సత్తిబాబు నవ్వలేదు, గోడ వదిలాడు, సైకిలు లేపాడు, మళ్లీ కిందకు తీసుకువెళ్లాడు. మళ్లీ ఎక్కాడు. ఈసారి మధ్యలో ఆగి చూద్దామని ప్రయత్నించాడు, వెనక్కి జారి నా మీద పడ్డాడు. లేచి కూర్చుని అన్నాడు:

“ఆగలేరండి. ఈ పిల్లలు ఆగరు అనుకున్నాను గాని, ఆగలేరండి.”

సరిగ్గా అప్పుడు గేటు కొలతలకోసం ఏఈ గారు, అంటే బాట పనులు చూసే అసిస్టెంట్ ఇంజనీరు గారు, టేపు పట్టుకుని వచ్చారు. మర్యాదస్తుడు, తెల్ల చొక్కా, బూట్లు. ఇంతమంది ఖాకీవాళ్లు ఆడపిల్లల సైకిళ్లతో ఎందుకున్నారో ఆయనకు బోధపడలేదు. రూతు టీచరుగారు తమ సైకిలు ఆయన ముందు ఆనించి, “ఒక్కసారి ఎక్కి చూడండి, తర్వాత గేటు ఎక్కడ పెట్టాలో మేమే చూపిస్తాం” అన్నారు. కాదనే వీలు లేదు. ఏఈ గారు టేపు జేబులో పెట్టుకున్నారు, బాగానే తొక్కారు, పైకి వచ్చారు, రోడ్డు దాటి అవతల అరటిపళ్ల బండి దగ్గర ఆగారు. బండివాడు ఒక గెల ఎత్తి పట్టుకుని మరీ తప్పుకున్నాడు.

ఆయన తిరిగి వచ్చి చొక్కా సర్దుకుని చాలాసేపు ఎక్కుడు వైపు చూశారు. “ఇక్కడ పైన చదును కావాలండి. ఒక సైకిలు నిలిచి, కాలు కింద పెట్టుకునేంత చోటు. ఎక్కుడు కూడా కాస్త పొడుగ్గా లాగాలి” అన్నారు. గేటు మాట ఎత్తలేదు. టేపు మాత్రం బయటికి తీశారు. దాని ఇంకో కొన కీర్తన పట్టుకుంది.

మధ్యాహ్నం రెండో సగం. పిల్లలూ టీచరుగారూ డిపో యార్డుకు వచ్చారు. ఖాళీ బస్సును మధ్యలో నిలిపి, ఇంజను ఆపి, చక్రాలకు చెక్కలు పెట్టించాను. అంత ఎత్తు సీట్లో టీచరుగారు కొంగు నడుముకు దోపుకుని కూర్చున్నారు. స్టీరింగు మీద చేతులు వేసి చూసి, బ్లాక్‌బోర్డు కన్నా పెద్దదిగా ఉందన్నారు. అద్దంలో వెనక ఏం కనబడుతుందో, ముందు ఏం కనబడుతుందో సత్తిబాబు పక్కన నిలబడి చెబుతున్నాడు. ఆయన కంఠం నేను విన్నది మొదటిసారి అంత నెమ్మదిగా.

ఈలోగా నేను ఐదారుగురు పిల్లలను సైకిళ్లతో సహా బస్సు ఎడమ పక్క, ముందు చక్రానికి ఆనుకుని, హ్యాండిళ్ల మీదకు వంగి నిలబడమన్నాను. ముందు అద్దంలోంచి చూసే చూపు అక్కడిదాకా దిగదు, పక్క అద్దం చూపు అక్కడిదాకా రాదు. రెండు చూపులకూ మధ్య మిగిలిపోయే ఆ చోటును పుస్తకాల్లో బ్లైండ్ స్పాట్ అంటారు. మా డ్రైవర్లు గుడ్డిమూల అంటారు.

“మీ పిల్లలెక్కడున్నారండి?” అని అడిగాడు సత్తిబాబు.

టీచరుగారు అద్దం చూశారు, ముందుకు వంగారు, మళ్లీ అద్దం చూశారు. “టీ తాగడానికి వెళ్లారేమో” అన్నారు.

“లేదండి. చేతికందే దూరంలో ఉన్నారండి.”

కింద నుంచి పిల్లలు కిసుక్కుమన్నారు. మాట వినబడుతోంది, మనిషి లేదు. ఆవిడ ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలవసాగారు. ఒక్కొక్కరూ “ప్రెజెంట్ టీచర్” అన్నారు. ఒక్కరూ కనబడలేదు. మూడో పేరు దాకా పిలిచారు. నాలుగో పేరు పిలవలేదు. స్టీరింగు మీద చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని, “రోజూ ఈ పక్క నుంచే దూరుకుంటూ వెళ్లమని చెప్పేదాన్నండీ, రోడ్డు మధ్యకు పోకుండా ఉంటారని” అన్నారు.

సత్తిబాబే సర్దేశాడు. “ఇంక చెప్పరు కదండి, అయిపోయింది. దిగండి, పిల్లల్ని ఎక్కించండి” అన్నాడు.

ఆ తరువాత అది ఇంద్రజాలం అయిపోయింది. పిల్లలు ఒక్కొక్కరే సీటెక్కడం, కింద నుంచి స్నేహితురాలు సైకిలు తోసుకుంటూ రావడం, పైనున్న పిల్ల “ఉంది, ఉంది, ఉంది... మాయం!” అని కేకపెట్టడం. ఎక్కడ మాయమైందో అక్కడ నేల మీద సున్నంతో గీత గీశాం. కాసేపటికి బస్సు చుట్టూ ముగ్గు వేసినట్టయింది. మేనేజరు గారు కూడా చెప్పులు వదిలి సీటెక్కి, గ్యారేజీ అధికారిని మాయం చేసి చప్పట్లు కొట్టారు. ఆయన లావుపాటి మనిషి. అంత మనిషి మాయమైతే సైకిలు మీది పిల్ల ఎంత అని ఎవరో అన్నారు.

సాయంత్రం ఆ గీతల పక్కనే కూర్చుని రెండు వైపులా నాలుగు మాటలు అనుకున్నారు. నేను చెప్పలేదు, వాళ్లే చెప్పుకున్నారు. గట్టు మీంచి పైకి రాగానే కాలు కింద పెట్టి ఆగాలి. డ్రైవరు మొహం తమకు కనబడితేనే తాము ఆయనకు కనబడినట్టు లెక్క, కనబడకపోతే కదలకూడదు. ఆగిన బస్సుకు ఎడమ పక్క నుంచి ఎన్నడూ దూరకూడదు. తిరిగే ముందు చెయ్యి చాపాలి. ఇవి పిల్లల మాటలు. వంతెన మీదే వేగం తగ్గించుకోవాలి, సైకిలు వెనకగా వచ్చి హారన్ కొట్టకూడదు, దాటితే మనిషి నిండుగా చెయ్యి చాపినా తగలనంత దూరంగా దాటాలి, లేకపోతే వెనకే ఓపిక పట్టాలి. ఇవి డ్రైవర్లవి. హారన్ మాట సత్తిబాబే పట్టుబట్టి పెట్టించాడు.

ఏఈ గారు మాట నిలబెట్టుకున్నారు. వానలు ముదిరేలోగా ఎక్కుడు పొడుగు లాగి, పైన చదును చేసి, పిట్టగోడ పక్క పొదలు కొట్టించారు. చదును మీద నిలిచిన సైకిలు వంతెన మీంచే కనబడుతుంది. గేటు రాలేదు. నా నివేదికలో ఇద్దరిదీ తప్పు లేదనీ, చోటుదే తప్పనీ రాశాను. మేనేజరు గారు దాని మీద మారుమాట లేకుండా సంతకం చేశారు. సత్తిబాబు బ్యాడ్జీ మళ్లీ చొక్కా మీదకు వచ్చింది. నేను రిటైరయ్యేదాకా ఆ చోట మా బస్సు ఏదీ సైకిలును తాకలేదు.

ఒక్క ఫిర్యాదు మాత్రం వచ్చింది. దసరా సెలవుల ముందు రూతు టీచరుగారు నాకు ఫోన్ చేశారు. “సత్తిబాబుగారు సైకిలు కొన్నారండి. డ్యూటీకి గట్టు మీంచే వస్తున్నారు. బాగానే ఉంది గాని, మరీ స్పీడుగా వెళ్తున్నారండీ. పిల్లలు పక్కకు తప్పుకుని నిలబడాల్సి వస్తోంది. గంట కొట్టడం ఆపడం లేదు. మీరు కాస్త చెప్పండి” అన్నారు. పిలిచి అడిగితే సత్తిబాబు తల దించుకుని, “గాలి బాగుంటుందండి” అన్నాడు. నిబంధన ప్రకారం మందలించాను. ఆయన వెళ్లాక తలుపు వేసుకుని నవ్వాను.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది వృత్తికి సంబంధించిన చిన్న సంగతి. చూసుకుని నడపండి అని నేను అన్నేళ్లు చెప్పాను. అది సలహా కాదు, కోరిక. చూపు ఎక్కడ అందదో, కాలు ఎక్కడ ఆగదో ఆ సీట్లో కూర్చుంటేనే తెలుస్తుంది. అందుకని మిగిలిన ఉద్యోగకాలమంతా, శిక్షణకు వచ్చిన ప్రతి కొత్త డ్రైవరునూ స్టీరింగు ముట్టుకోనిచ్చే ముందు సైకిలు మీద ఆ ఎక్కుడు ఎక్కించాను. ఎక్కనన్నవాడికి బస్సు ఇవ్వలేదు.